నీళ్లతో తవ్వే మేస్త్రీ

ఊరి నేల కింద ఏముందో ఊరి మున్సిపాలిటీకే పూర్తిగా తెలియదు. ఏ దేశంలోనైనా అంతే. ఎప్పుడో తాతల నాడు వేసిన మంచినీటి గొట్టం, ఆ తర్వాతి మురుగు లైను, దాన్ని దాటుకుంటూ గ్యాసు పైపు, పక్కనే కరెంటు కేబుల్, మొన్నమొన్న లాగిన ఇంటర్నెట్ తీగ అన్నీ ఒకే వీధి కింద ఇరుక్కుని ఉంటాయి. వేసినవాళ్లు ఎప్పుడో రిటైరయ్యారు. మ్యాపులు చిరిగిపోయాయి. రోడ్డు రెండు మూడుసార్లు వెడల్పయింది. ఇప్పుడు వాటిలో ఏదో ఒకటి కారుతోంది. తవ్వాలి. ఎక్కడ తవ్వాలి, ఎంత లోతున, దేనితో?

ఈ చిక్కుకు అమెరికా, కెనడా మున్సిపాలిటీలు పట్టుకున్న దారి హైడ్రో ఎక్స్‌కవేషన్. వాడుకలో దాన్ని హైడ్రోవ్యాక్ అంటారు. గట్టి నీటిధారతో మట్టిని కరిగించి, ఆ బురదను అక్కడికక్కడే లావుపాటి గొట్టంతో పీల్చి లారీ మీది ట్యాంకులోకి లాగేస్తారు. మిషిగన్‌లో, ముఖ్యంగా డెట్రాయిట్ శివార్లలో, మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల వీధుల్లో పెద్ద చప్పుడు చేస్తూ ఆగి ఉండే ఆ లారీని చూడనివాళ్లు తక్కువ. లారీ కంటికి కనిపిస్తుంది. దాని పక్కన నిలబడి ఎప్పుడు తవ్వాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే మేస్త్రీ పని అంతగా కనిపించదు. ఈ వ్యాసం ఆ పని గురించే.

ముందు యంత్రం సంగతి. లారీ మీద ఒక నీళ్ల ట్యాంకు, ఒక బురద ట్యాంకు, గాలిని లాగే భారీ బ్లోయరు ఉంటాయి. ఒక మనిషి చేతిలో పొడవాటి సన్న గొట్టం, దాని కొసన గిరగిర తిరిగే నాజిల్ ఉంటాయి. రెండో మనిషి దగ్గర రిమోట్ ఉంటుంది. లారీ పైనుంచి వేలాడే ఎనిమిది అంగుళాల వెడల్పు పీల్చుడు గొట్టాన్ని అతను దానితో గోతిలోకి దించుతూ, లేపుతూ ఉంటాడు. మూడో మనిషి ట్రాఫిక్కునూ గోతి అంచునూ కనిపెట్టుకుని ఉంటాడు. నాజిల్ తిరుగుతుండాలి, దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా కదులుతూనే ఉండాలి. ఒకేచోట నిలిపితే ధార కేబుల్ తొడుగును కోసేస్తుంది, పాత పైపు పూతను లేపేస్తుంది.

చలికాలంలో మిషిగన్ నేల గడ్డకట్టి రాయిలా బిగుసుకుపోతుంది. గునపం దిగదు. బ్యాక్‌హో (జేసీబీ లాంటి యంత్రం) పళ్లకు అది పలకలు పలకలుగా లేస్తుంది. ఆ పలకతో పాటు కింది పైపు కూడా లేచి వస్తుంది. హైడ్రోవ్యాక్ లారీలో బాయిలరు ఉంటుంది కాబట్టి వేడి నీళ్లతో ఆ నేలను కరిగిస్తారు. ఆ వేడికీ హద్దుంది. గ్యాసుకు వాడే ప్లాస్టిక్ పైపు, కేబుల్ తొడుగు మరీ వేడి నీళ్లకు మెత్తబడతాయి.

ఒత్తిడి లెక్క కూడా చెప్పాలి. లైన్లకు దగ్గరగా వచ్చాక చాలాచోట్ల 2,500 పీఎస్‌ఐ దాటనివ్వరు. కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర పీఎస్‌ఐ. అంటే హద్దు లోపల పనిచేస్తున్న ధార కూడా టైరులోని గాలికి డెబ్బై రెట్ల ఒత్తిడితో వస్తోందన్నమాట. అది చేతికి తగిలితే పైకి సూదిపోటంత గాయమే కనిపిస్తుంది. లోపల మాత్రం మురికి నీళ్లు కండ పొరల మధ్యకు దూసుకుపోయి ఉంటాయి. ఆసుపత్రిలో ఈ సంగతి తెలియకపోతే చిన్న గాయమేనని కట్టుకట్టి పంపేస్తారు, చెయ్యి కుళ్లిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే ఇలాంటి ధారలతో పనిచేసే వాళ్లలో చాలామంది జేబులో ఒక కార్డు పెట్టుకుంటారు. ‘ఇది నీటి ఒత్తిడి గాయం, పైకి కనిపించేదాన్ని బట్టి అంచనా వేయకండి’ అని డాక్టరుకు చెప్పే కార్డు అది. తన ముఠాలో అందరి జేబుల్లోనూ ఆ కార్డు ఉందో లేదో పొద్దున్నే చూసుకునే మేస్త్రీ దగ్గర పనిచేయడం అదృష్టమే.

పని లారీ దగ్గర మొదలవదు, ఫోను దగ్గర మొదలవుతుంది. అమెరికాలో ఎవరు నేల తవ్వాలన్నా ముందు 811కు చెప్పాలి. దేశమంతటికీ ఒకే నంబరుగా అది 2007లో వాడుకలోకి వచ్చింది. మిషిగన్‌లో ‘మిస్ డిగ్’ అనే వ్యవస్థ 1970 నుంచే ఈ పని చేస్తోంది. పిలుపు అందాక ఆయా కంపెనీల మనుషులు వచ్చి తమ లైన్లు ఎటు వెళుతున్నాయో రోడ్డు మీద రంగులతో గీస్తారు. కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు, టెలిఫోను, ఇంటర్నెట్ తీగలకు నారింజ, మంచినీళ్లకు నీలం, మురుగుకు ఆకుపచ్చ. తవ్వబోయే చోటును తెల్లరంగుతో చూపించాలి.

గీత ఉన్నచోటే గొట్టం ఉందనుకుంటే పొరపాటు. గీత ఒక అంచనా మాత్రమే. అది దిక్కు చెబుతుంది, లోతు చెప్పదు. మిషిగన్‌లో 2013లో చేసిన చట్టం ఈ సంగతిని గుర్తించింది. గీతకు అటు 48 అంగుళాలు, ఇటు 48 అంగుళాలు జాగ్రత్త ప్రాంతమని ప్రకటించింది. ఆ హద్దులోకి యంత్రం పళ్లు పెట్టే ముందు సున్నితమైన పద్ధతిలో, అంటే చేత్తోనో, పీల్చుడు పద్ధతితోనో తవ్వి లైనును కళ్లారా చూడాలి. హైడ్రోవ్యాక్‌కు గిరాకీ పెరగడానికి ఇలాంటి చట్టాలే పెద్ద కారణం.

మేస్త్రీ మొదటి పరీక్ష ఇక్కడే. కాగితం మీది మ్యాపు, రోడ్డు మీది గీత, కంటికి కనిపించే గుర్తులు, ఈ మూడూ ఒక మాట మీద ఉన్నాయా? గీత ఒకవైపు పోతుంటే వాల్వు మూత ఇంకోవైపు ఉండొచ్చు. తారులో పాత అతుకు కనిపిస్తుంది, అక్కడ ఎవరు ఏం తవ్వారో ఏ కాగితంలోనూ ఉండదు. ఇంటి గోడ దగ్గర గ్యాసు మీటరు ఉంటుంది, వీధిలో పసుపు గీతే ఉండదు. ఇలాంటప్పుడు లారీ ఇంజను ఆపించి, మళ్లీ ఫోను చేసి, లైన్లు గీసే మనిషి తిరిగి వచ్చేదాకా ముఠాను కూర్చోబెట్టాలి. లారీ గంటకింత అని అద్దె పెరుగుతుంటుంది. ఆఫీసు నుంచి ‘ఎంతవరకు వచ్చింది?’ అని ఫోను వస్తుంటుంది. అయినా కూర్చోబెట్టగలిగినవాడే మేస్త్రీ.

ఈ పని విలువ తెలియాలంటే ఫ్లింట్ నగరం కథ చూడాలి. డెట్రాయిట్‌కు వాయవ్యంగా కారులో గంట, గంటంపావు దూరం. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని అక్కడి పాలకులు డెట్రాయిట్ నుంచి వచ్చే హ్యూరన్ సరస్సు నీళ్లను మానేసి ఫ్లింట్ నది నీళ్లకు మారారు. గొట్టం లోపలి గోడ తినిపోకుండా కాపాడే మందును ఆ నీళ్లలో కలపలేదు. వీధిలోని పెద్ద గొట్టం (మెయిన్) నుంచి ఇంటికి వచ్చే సన్న గొట్టాలు చాలా ఇళ్లకు సీసంవి. వాటి లోపల ఏళ్ల తరబడి పేరుకున్న పొర ఊడి, సీసం కుళాయి నీళ్లలోకి వచ్చింది. పిల్లల రక్తంలో సీసం పెరిగిందని డాక్టర్ మోనా హన్నా అటీషా లెక్కలతో బయటపెట్టాక, 2015 అక్టోబరులో మళ్లీ పాత నీళ్లకే మారారు. అప్పటికే గొట్టాలు చెడిపోయాయి. 2017 మార్చిలో కోర్టులో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ సీసం గొట్టాలను వెతికి మార్చాలి.

వెతకడం ఎలా? ఏ ఇంటికి ఏ గొట్టం ఉందో నగరం దగ్గర సరైన రికార్డు లేదు. చేతిరాత కార్డులు, పెన్సిలు గుర్తులున్న పాత మ్యాపులు ఉన్నాయి, అవీ తప్పులతడకలే. ప్రతి ఇంటి ముందూ పెద్ద కందకం తవ్వి చూస్తే డబ్బు ఆవిరైపోతుంది. తీరా చూస్తే సగం చోట్ల రాగి గొట్టమే బయటపడొచ్చు. అక్కడికి హైడ్రోవ్యాక్ వచ్చింది. ఇంటి ముందు, కాలిబాట దగ్గర, నీళ్లు కట్టేసే చిన్న వాల్వు ఒకటి భూమిలో ఉంటుంది. దాని దగ్గర సన్నని గొయ్యి దించితే వీధి వైపు గొట్టం, ఇంటి వైపు గొట్టం రెండూ కనిపిస్తాయి. ఎవరూ గోతిలోకి దిగనక్కర్లేదు.

గొట్టం కనిపించాక జరిగేది చిన్న పనే, దాన్ని మాత్రం తప్పకుండా చేయాలి. పొడవాటి కర్రకు బిగించిన గీకుడు పనిముట్టుతో గొట్టం మీది మట్టినీ మకిలినీ గీకుతారు. వెండిలా తళుక్కుమని, గీకితే మెత్తగా గీత పడితే అది సీసం. రాగి అయితే ఎర్రగా మెరుస్తుంది. బూడిదరంగులో ఉండి అయస్కాంతం అతుక్కుంటే జింకు పూత పూసిన ఇనుము. ఫొటో తీసి, ఇంటి నంబరుతో సహా రాసుకుని, గొయ్యి పూడ్చి ముందుకు కదులుతారు. ఒక్కో గొయ్యి ఒక్కో ఇంటి గురించి చెప్పే మాట ఇది. ఇలాంటి ఫలితాలతోనే మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏ ఇంటి కింద సీసం ఉండే అవకాశం ఎక్కువో చెప్పే కంప్యూటర్ లెక్కను తయారుచేసి, పదును పెట్టారు. 2017లో 8,833 ఇళ్ల దగ్గర చూస్తే 6,228 చోట్ల మార్చాల్సిన గొట్టాలు దొరికాయి. మరుసటి ఏడాది నగరం కొత్త కాంట్రాక్టు కుదుర్చుకుంది. ఆ లెక్కను పక్కనపెట్టి పేటల వారీగా ప్రతి ఇల్లూ తవ్వుకుంటూ పోయారు. 2018 డిసెంబరు నడిమికి 10,531 ఇళ్ల దగ్గర తవ్వితే దొరికినవి 1,567. పిల్లలున్న ఇళ్లలో సీసం నీళ్లు వస్తూనే ఉండగా, సీసం లేని ఇళ్ల ముందు వేల గోతులు తీశారు. 2019లో కోర్టు ఒప్పందాన్ని సవరించాకే ఆ లెక్క తిరిగి పనిలోకి వచ్చింది. చివరికి దాదాపు 11,000 సీసం గొట్టాలు మార్చినట్టు 2025 జులైలో రాష్ట్రం కోర్టుకు తెలిపింది.

హైడ్రోవ్యాక్ గొయ్యికీ ఒక లోపముంది. అది రెండడుగుల ముక్కనే చూపిస్తుంది. వాల్వు దగ్గర రాగి ఉండి, నాలుగడుగులు అవతల పాత సీసం ముక్క మిగిలి ఉండొచ్చు. ఎప్పుడో ఒకసారి మరమ్మతు చేసినవాళ్లు సగమే మార్చి వదిలేసిన ఇళ్లు ఏ పాత ఊళ్లోనైనా ఉంటాయి. అందుకే మేస్త్రీ రాసే రిపోర్టులో ‘రాగి’ అన్న ఒక్క మాట చాలదు. ‘వాల్వుకు ఇటు ఇంత, అటు ఇంత మేర చూశాం, అది రాగి’ అని ఉండాలి. చూడనిదాన్ని చూడలేదని రాయాలి. ఇంకో సంగతి, తవ్వకం కుదుపుకే సీసం గొట్టం లోపలి పొర రాలి కొన్నాళ్లు నీళ్లలో సీసం పెరగొచ్చు. గొయ్యి పూడ్చి వెళ్లిపోయే ముందు ఆ ఇంటి తలుపు తట్టి, కుళాయి ఎంతసేపు వదిలేయాలో, ఫిల్టరు ఎందుకు వాడాలో చెప్పి రావడం కూడా తవ్వకంలో భాగమే. బాలింత ఉన్న ఇంట్లో ఆ మాట చెప్పకుండా వెళ్లిపోతే ఎంత చక్కని గొయ్యి తవ్వినా ఏం లాభం?

అమెరికా అంతటా ఈ పని ఇంకా పెరగబోతోంది. నీళ్లు సరఫరా చేసే సంస్థలన్నీ తమ గొట్టాల జాబితా 2024 అక్టోబరు 16 లోగా ఇవ్వాల్సి వచ్చింది. అదే నెలలో వచ్చిన కొత్త నిబంధన ప్రకారం చాలా సంస్థలు 2027 నుంచి పదేళ్లలో సీసం గొట్టాలన్నీ తీసేయాలి. ‘తెలియదు’ అని రాసిన ఇళ్ల దగ్గర ఎవరో ఒకరు తవ్వి చూడక తప్పదు.

మంచినీటి మెయిన్ పగిలిన రాత్రి పని తీరే వేరు. వీధి నిండా నీళ్లు, ఫోన్ల మీద ఫోన్లు. కొత్తవాడైతే ముందు వాల్వు కట్టేయమంటాడు. వాల్వును ఒక్కసారిగా బిగిస్తే పారే నీటి ఊపు గొట్టంలో ఎదురుదెబ్బ కొట్టి ఇంకోచోట పగలగొడుతుంది. మొత్తం కట్టేస్తే గొట్టంలో ఒత్తిడి పోయి, చుట్టూ ఉన్న మురికి నీళ్లు పగులులోంచి లోపలికి పోతాయి. అందుకే అనుభవమున్న మేస్త్రీ వాల్వును మెల్లగా తిప్పించి, పగులు పూర్తిగా బయటపడి గొయ్యి పొడిబారేదాకా సన్నగా నీళ్లు బయటికి వస్తూనే ఉండనిస్తాడు. తర్వాత స్టీలు క్లాంపు బిగించి, క్లోరిన్‌తో శుద్ధి చేసి, నీళ్లు వదిలి, పరీక్షకు పంపుతారు. అదే ముఠా మధ్యాహ్నం మురుగు లైను పనిలో ఉండి ఉంటే ఆ పనిముట్లు, ఆ చేతి తొడుగులు ఇక్కడికి రాకూడదు. మిషిగన్‌తో సహా పలు రాష్ట్రాలు పాటించే ప్రమాణాల్లో మంచినీటి లైనుకూ మురుగు లైనుకూ మధ్య అడ్డంగా పదడుగుల ఎడం ఉండాలి. రెండూ ఒకదాన్నొకటి దాటేచోట నిలువున 18 అంగుళాలు ఉండాలి. భూమిలో అంత ఎడం పెట్టి, లారీలో రెండింటి పనిముట్లనూ ఒకే పెట్టెలో పడేస్తే ఆ ప్రమాణానికి అర్థం లేదు.

మనిషి గోతిలోకి దిగాల్సి వస్తే అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు గట్టిగా ఉంటాయి. అయిదడుగులు, అంతకు మించిన లోతైతే గోడలు కూలకుండా కాపు ఉండాలి, లేదా గోడలను వాలుగా తవ్వాలి. తవ్విన మట్టి అంచుకు రెండడుగుల లోపు ఉండకూడదు. ఘనమీటరు మట్టి టన్నున్నర పైచిలుకు బరువు ఉంటుంది. నడుము దాకా పూడుకుపోయినవాణ్ణి నలుగురు పట్టి లాగినా బయటికి తీయలేరు. గోతిని రోజూ పరీక్షించడానికి తగిన మనిషి ఒకరుండాలని, ప్రమాదం కనిపిస్తే అప్పటికప్పుడు దాన్ని తొలగించే చర్య తీసుకునే అధికారం అతనికి ఉండాలని ఆ నిబంధనల్లోనే ఉంది. ఈ వాక్యం నాకు చాలా ముఖ్యమైనదిగా తోస్తుంది. చట్టం అతనికి జ్ఞానం ఉంటే చాలనలేదు, అధికారమూ ఇమ్మంది.

మురుగు లైనులో ప్రమాదం కంటికి కనిపించదు. మ్యాన్‌హోల్ మూత తీయగానే లోపలి గాలిని పరీక్షించే గ్యాసు మీటరును తాడుతో పై నుంచి కింది దాకా దించి చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుందని అందరికీ తెలుసు. మోతాదు పెరిగితే అది ముక్కునే మొద్దుబారుస్తుందని చాలామందికి తెలియదు. వాసన తగ్గిందని దిగినవాడు తిరిగి రాడు. వాణ్ణి కాపాడబోయి దిగినవాడూ రాడు. అందుకే అక్కడి ముఠాలు ముందు నీటిధారతో అడ్డు తొలగించే జెట్టింగ్ యంత్రంతో పైనుంచే శుభ్రం చేసి, కెమెరాను పంపి చూస్తాయి. మనిషిని దించడం ఆఖరి మాట.

కెమెరాను ముందే పంపడానికి ఇంకో కారణం కూడా ఉంది. రోడ్డు తవ్వకుండా భూమిలో అడ్డంగా బెజ్జం చేసి గ్యాసు పైపు లాగేటప్పుడు, అది ఒక్కోసారి మురుగు గొట్టాన్ని చీల్చుకుని అవతలికి పోతుంది. వేసినవాళ్లకు తెలియదు. ఏళ్ల తర్వాత ఆ లైనులో చెత్త అడ్డుపడుతుంది. చెట్ల వేళ్లేమో అనుకుని కోసే యంత్రాన్ని పంపితే అది గ్యాసు పైపును కోస్తుంది, గ్యాసు మురుగు గొట్టంలోంచి నేరుగా ఇంట్లోకి వస్తుంది. విస్కాన్సిన్‌లోని కెనోషాలో 1976లో ఇలా మురుగు గొట్టంలోంచి పోయిన గ్యాసు ఇంట్లోకి చేరి పేలి ఇద్దరు చనిపోయారు.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు గల్లీల్లోకి పోగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దించింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి, వాటిని నడిపేవాళ్లనే యజమానులను చేయాలన్న ఆలోచనతో చేసిన ఏర్పాటది. మంచి అడుగు. మనిషితో పాకీ పని చేయించడాన్నీ, రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకి దించడాన్నీ నిషేధించే చట్టం 2013లో వచ్చింది. సఫాయి కర్మచారి ఆందోళన్, దాన్ని నడిపిస్తున్న బెజవాడ విల్సన్ ఏళ్లుగా చేసిన పోరాటం దాని వెనక ఉంది. మ్యాన్‌హోల్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. తవ్వేముందు లైన్ల యజమానులకు కబురు చేయడానికి కేంద్రం 2023 మార్చిలో ఒక యాప్ కూడా తెచ్చింది.

యంత్రం ఉంది, చట్టం ఉంది, యాప్ ఉంది. అయినా జేసీబీ పళ్లకు నల్లా పైపులు పగులుతూనే ఉన్నాయి, మ్యాన్‌హోల్ చావుల వార్తలు వస్తూనే ఉన్నాయి. లోటు ఎక్కడుందో ఆ గోతి దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. అక్కడ కాంట్రాక్టరు మనిషి ఉంటాడు, రోజుకూలీలు ఉంటారు. ‘మీటరు ఎరుపు చూపిస్తోంది, ఇవాళ దిగేది లేదు’ అని చెప్పి, ఆ మాట చెప్పినందుకు రేపు పని పోకుండా ఉండే మనిషి మాత్రం ఉండడు. టెండరు కాగితంలో లారీ కెపాసిటీ లీటర్లలో రాస్తున్నాం. అదే కాగితంలో ఈ ముఠాకు మేస్త్రీ ఎవరు, అతనికి ఏ శిక్షణ ఇచ్చారు, అతను పని ఆపిన గంటలకు డబ్బు ఎవరు చెల్లిస్తారు అన్నవి కూడా రాయాలి. ముఖ్యంగా ఆ చివరిది. ఆగిన గంటకు బిల్లు రాకపోతే ఏ మేస్త్రీ ఆపడు.

మీ వీధిలో మూత తీసి మనిషిని తాడుతో దించుతుంటే అడగండి, గ్యాసు మీటరు దించారా, మీ మేస్త్రీ ఎవరు అని. సెప్టిక్ ట్యాంకు నిండితే తెలిసిన కూలీని పిలవకుండా హెల్ప్‌లైన్ 14420కు ఫోను చేసి యంత్రాన్ని పిలిపించుకోండి.